వీల్ బేరింగులకు గ్రీజు పెట్టడం, సరిగ్గా బిగించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చక్రం విప్పిన ప్రతిసారీ ఇవే సందేహాలు తిరిగి వస్తాయి కాబట్టి అన్నీ ఒకచోట చేర్చాం. ఇక్కడ ఎక్కువ భాగం విప్పి, కడిగి, మళ్ళీ గ్రీజు పెట్టుకోగల టేపర్ రోలర్ బేరింగుల గురించి. ట్రైలర్లు, ట్రాక్టరు ముందు చక్రాలు, లారీలు, పాత కార్లు, జీపుల్లో ఉండేవి ఇవే. చక్రం బిగించే తిరిగే మధ్య భాగం హబ్. బేరింగులో రోలర్లున్న లోపలి రింగు కోను, హబ్ లోపల కూర్చునే బయటి రింగు కప్పు, రోలర్లను ఎడంగా పట్టి ఉంచే చట్రం కేజ్. సీల్ చేసి వచ్చే బేరింగులకు చివర్లో ఒక భాగం ఉంది. ఏ జవాబుకా జవాబు పూర్తిగా ఉంటుంది, కావలసిన దానికి నేరుగా వెళ్ళొచ్చు. బిగింపు కొలతల విషయంలో మీ బండి మాన్యువల్ చెప్పిందే ఆఖరి మాట. ఇక్కడి అంకెలు మామూలుగా వాడుకలో ఉన్నవి.

## పని మొదలుపెట్టే ముందు

నా బండి బేరింగులకు గ్రీజు పెట్టొచ్చా, లేక మార్చడం ఒక్కటే దారా?

చక్రం మధ్యలో ఉన్న రేకు టోపీని, అంటే డస్ట్ క్యాప్‌ను తీసి చూడండి. కింద కదలని స్పిండిల్ (చక్రం దేని మీద తిరుగుతుందో ఆ ఇరుసు కొన), దాని మీద గాళ్ళున్న క్యాసిల్ నట్టు, అడ్డంగా స్ప్లిట్ పిన్ను, నట్టు వెనక వాషరు, ఆ వెనక రోలర్లు కనిపిస్తే అది గ్రీజు పెట్టుకునే రకం. నట్టు ఉన్న షాఫ్టు చక్రంతో పాటు తిరుగుతుంటే అది ఇంజను శక్తి అందుకునే చక్రం. ఈ కాలపు కార్లలో అక్కడ చాలావరకు సీల్ బేరింగే ఉంటుంది. నట్టును మాత్రం చూసి తేల్చకండి, క్యాసిల్ నట్టు రెండు రకాల్లోనూ కనిపిస్తుంది.

ఎన్నాళ్ళకోసారి గ్రీజు మార్చాలి?

ట్రైలర్లకు ఏడాదికోసారి లేదా 20,000 కిలోమీటర్లకోసారి, ఏది ముందొస్తే అది. టేపర్ బేరింగులున్న కార్లకు, జీపులకు 40,000 నుంచి 50,000 కిలోమీటర్ల మధ్య మార్చడం వాడుక. బ్రేకు పని కోసం హబ్ ఎలాగూ విప్పితే గ్రీజు పని కూడా ముగించేయడం మేలు.

హబ్ నీళ్ళలో మునిగే బండ్లకు ఈ లెక్క చెల్లదు. పరుగెత్తి వచ్చిన హబ్ వేడిగా ఉంటుంది. అది చల్లటి నీళ్ళలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, హబ్ వెనక గ్రీజును ఆపే సీల్ అంచు పక్కనుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. పడవల ట్రైలర్ల బేరింగులు ఇంత తొందరగా పోవడానికి ఇదే ముఖ్య కారణం. నీళ్ళలోకి దింపే ముందు హబ్ చల్లారేదాకా ఆగండి. ముంపు పని ముగిసిన ప్రతి సీజనులోనూ విప్పి చూడండి.

బుయ్యిమని శబ్దం వస్తోంది. టైరుదా, బేరింగుదా?

బేరింగు హోరు బండి వేగంతో పెరుగుతుంది, ఇంజను వేగంతో కాదు. గేరు న్యూట్రల్‌కు తెచ్చినా ఆగదు. టైరు హోరైతే రోడ్డు మారగానే మారుతుంది: గరుకు తారు మీద ఒక రకంగా, నున్నటి సిమెంటు మీద ఇంకో రకంగా వినిపిస్తుంది. ఖాళీ రోడ్డు మీద మధ్యస్థ వేగంలో స్టీరింగు మెల్లగా ఎడమకు తిప్పండి. బరువు కుడి చక్రాల మీదికి పోతుంది. అప్పుడు హోరు పెరిగితే కుడివైపు బేరింగును అనుమానించాలి, తగ్గితే ఎడమవైపుదాన్ని. ఇంకా తేలకపోతే టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చి చూడండి. శబ్దం టైరుతో పాటు చోటు మారితే బేరింగు నిర్దోషి.

చక్రం పట్టుకుని ఊపితే ఆడుతోంది. బేరింగేనా?

చక్రం నేల విడిచేలా లేపి, గడియారంలో 12, 6 ఉండే చోట్ల పట్టుకుని ఒకటి లాగుతూ ఒకటి తోయండి. తరవాత 9, 3 దగ్గర అలాగే చేయండి. రెండు దిశల్లోనూ ఆడితే బేరింగు మీద అనుమానం. పక్కలకు మాత్రమే ఆడితే స్టీరింగు రాడ్ల చివరలు చూడాలి. పైకీ కిందికీ మాత్రమే ఆడుతుంటే ఒకరిని బ్రేకు తొక్కి పట్టమని మళ్ళీ ఊపండి. ఆట ఆగిపోతే బేరింగు, అలాగే ఉంటే బాల్ జాయింటు లేదా కింగ్ పిన్ను, అంటే చక్రం మలుపు తిరిగే కీళ్ళు. టేపర్ బేరింగుకు వేలికి తెలిసీ తెలియనంత ఆట సహజం, దాన్ని చూసి నట్టు బిగించేయకండి.

ఏయే సామాన్లు దగ్గర పెట్టుకోవాలి?

జాకీ, బరువు మోసే స్టాండ్లు, చక్రాలకు అడ్డు పెట్టే దిమ్మలు, కటింగ్ ప్లయరు, టార్క్ రెంచి, ఇత్తడి డ్రిఫ్టు (సుత్తి దెబ్బను లోపలికి అందించే కడ్డీ), సుత్తి, కళ్ళద్దాలు, చేతొడుగులు, కిరోసిన్, బ్రష్షు, నూలు రాలని గుడ్డ. కొనాల్సినవి: బేరింగు గ్రీజు, ప్రతి చక్రానికీ కొత్త సీల్, కొత్త స్ప్లిట్ పిన్ను. సీల్ మీద అచ్చయిన నంబరు ముందే తెలుసుకుని తెచ్చుకుంటే హబ్ విప్పాక పని ఆగదు.

## గ్రీజు ఎంపిక

డబ్బా మీద ఏం చూసి కొనాలి?

మూడు సంగతులు. మొదటిది, గట్టిదనం: ఎన్‌ఎల్‌జీఐ 2 అని ఉండాలి. రెండోది, వీల్ బేరింగులకు పనికొస్తుందన్న మాట. జీసీ-ఎల్‌బీ గుర్తు ఉంటే అది వీల్ బేరింగులకూ చాసిస్‌కూ రెండింటికీ పరీక్ష దాటిన గ్రీజు అని అర్థం. ఒట్టి ఎల్‌బీ అని ఉంటే చాసిస్ గ్రీజు మాత్రమే, హబ్‌లో పెట్టకండి. మూడోది, చిక్కదనం ఇచ్చే పదార్థం: లిథియం కాంప్లెక్స్ అయితే చాలా బండ్లకు సరిపోతుంది.

కాంప్లెక్స్ అనే మాటకు విలువుంది. మామూలు లిథియం గ్రీజు కరిగి కారడం దాదాపు 180 నుంచి 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర మొదలవుతుంది. కాంప్లెక్స్ అయితే దాదాపు 250 దాటాక. డిస్కు బ్రేకులు పక్కనే ఉన్న హబ్‌లో ఈ తేడా పనికొస్తుంది. కరిగే ఉష్ణోగ్రత దాకా వాడొచ్చని మాత్రం అనుకోకండి. గ్రీజు నిజంగా పనిచేసే హద్దు దానికి చాలా కిందే ఉంటుంది. నీళ్ళలో తిరిగే బండ్లకు కాల్షియం సల్ఫోనేట్ కాంప్లెక్స్ గ్రీజు నీటికి బాగా నిలుస్తుంది.

ఎర్ర గ్రీజు మంచిదా, నీలం మంచిదా?

రంగు తయారీదారు కలిపిన అద్దకం మాత్రమే. ఒకే రంగున్న రెండు గ్రీజులు ఒకదానికొకటి పడకపోవచ్చు.

పాతదాని మీదే కొత్త గ్రీజు కలిపేస్తే ఏమవుతుంది?

గ్రీజంటే నూనెను పట్టి ఉంచే స్పాంజి లాంటిది. తడిపేది నూనె, దాన్ని పట్టి ఉంచేది సబ్బు లేదా మరో చిక్కదనపు పదార్థం. పడని రెండు రకాలు కలిస్తే ఆ స్పాంజి విరిగిపోయి, గ్రీజు పల్చబడి సీల్ గుండా కారిపోతుంది. కొన్నిసార్లు దానికి ఎదురుగా గట్టిపడి నూనె వదలడం మానేస్తుంది. బంకమన్ను ఆధారంగా చేసిన బెంటోన్ గ్రీజు లిథియంతో పడదు. పాలీయూరియా కూడా చాలా సందర్భాల్లో పడదు. పాతది ఏ రకమో తెలియనప్పుడు పూర్తిగా కడిగేయడమే దారి. తెలిసినా కడగడమే మంచిది, ఎందుకంటే పాత గ్రీజులో అరిగిన లోహపు పొడి ఉంటుంది.

నల్లటి మోలీ గ్రీజు ఇంకా బలమైనది కదా, అది పెట్టొచ్చా?

మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిపిన గ్రీజు బరువెక్కువగా ఉండి మెల్లగా జారే చోట్లకు, పిన్నులకు, బుష్‌లకు, కొన్ని సీవీ జాయింట్లకు తగినది. చక్రం బేరింగులో రోలర్లు వేగంగా దొర్లాలి. బండి మాన్యువల్ మోలీ గ్రీజే పెట్టమంటే తప్ప మామూలు వీల్ బేరింగు గ్రీజే వాడండి.

## విప్పడం, కడగడం

జాకీ మీదే ఉంచి పని కానిచ్చేయొచ్చా?

వద్దు. హబ్ లాగేటప్పుడు, కప్పు కొట్టేటప్పుడు బండి కదులుతుంది, జాకీ ఒరుగుతుంది. గట్టి నేల మీద ఎదుటి చక్రాలకు దిమ్మలు పెట్టి, బరువును స్టాండ్ల మీదికి దించి, ఒకసారి తోసి చూశాకే చెయ్యి లోపల పెట్టండి.

ఏ వరుసలో విప్పాలి?

వీల్ నట్లు బండి నేల మీద ఉండగానే ఒక మలుపు వదులు చేయండి. చక్రం తీశాక, డిస్కు బ్రేకైతే కాలిపర్ విప్పి తీగతో పైకి కట్టండి. గొట్టం మీద వేలాడదీస్తే అది లోపల చిరుగుతుంది, పైకి తెలియదు. డ్రమ్ము రాకపోతే బ్రేకు షూల సర్దుబాటు వదులు చేయండి. తరవాత డస్ట్ క్యాప్, పిన్ను, నట్టు తీయండి. కొన్ని బండ్లలో ఒకవైపు నట్టుకు ఎడమ మర ఉంటుంది. రాకపోతే బలం పెంచే ముందు మర దిశ చూడండి. హబ్‌ను కొద్దిగా ముందుకు లాగి వెనక్కి తోస్తే వాషరూ బయటి బేరింగూ చేతిలోకి వస్తాయి. అరచెయ్యి కింద పట్టి ఉంచండి, నేల మీద మట్టిలో పడితే ఆ బేరింగును రెండింతలు కడగాల్సి వస్తుంది. అప్పుడు హబ్ నిటారుగా లాగండి.

ఏ బేరింగు ఏ హబ్‌దో, లోపలిదో బయటిదో గుర్తు పెట్టుకోండి. కోనూ కప్పూ ఒకదానికొకటి అలవాటుపడి అరుగుతాయి. తారుమారు చేస్తే రెండూ పోతాయి.

లోపలి బేరింగు సీల్ వెనక ఉంది. నట్టు మళ్ళీ ఎక్కించి హబ్ గుంజితే వచ్చేస్తుందంటారు, చేయొచ్చా?

వస్తుంది. కానీ నట్టు అంచు బేరింగు కేజ్‌కు తగిలి అది వంగవచ్చు. బేరింగు ఎలాగూ పారేస్తున్నారంటే సరే. మళ్ళీ వాడేదైతే హబ్ బోర్లించి సీల్‌ను పుల్లరుతో గానీ వెడల్పు స్క్రూడ్రైవరుతో గానీ చుట్టూ కొంచెం కొంచెంగా లేపండి. హబ్ గోడకు గీత పడకూడదు, ఆ గీతలోంచే తరవాత గ్రీజు కారుతుంది.

దేనితో కడగాలి? పెట్రోలు వాడొచ్చా?

కిరోసిన్ లేదా మినరల్ స్పిరిట్. పెట్రోలు ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది, వాడకండి. ముందు గుడ్డతో పాత గ్రీజు ఎత్తేసి, ఒక పళ్ళెంలో నానబెట్టి, రోలర్ల మధ్యకు బ్రష్షు పోనిచ్చి తోమండి. రెండోసారి శుభ్రమైన కిరోసిన్‌తో కడిగి, ఆ పళ్ళెం అడుగు చూడండి. మెరిసే రేణువులు కనిపించనంత వరకూ కడగాలి. హబ్ లోపలా స్పిండిల్ మీదా అలాగే. చివర్లో బ్రేక్ క్లీనరుతో ఒకసారి తడిపి పూర్తిగా ఆరనివ్వండి. కిరోసిన్ చెమ్మ మిగిలితే కొత్త గ్రీజును పల్చన చేస్తుంది.

గాలి కొట్టి గిర్రున తిప్పితే తొందరగా ఆరుతుంది కదా?

ఎప్పుడూ అలా చేయకండి. గ్రీజు లేని బేరింగు గాలి ఒత్తిడికి వేల చుట్లు తిరుగుతుంది. రోలరు ఊడితే తూటాలా వచ్చి తగులుతుంది. ఊడకపోయినా పొడి లోహం లోహాన్ని గీకుతుంది. కోనును వేళ్ళతో కదలకుండా పట్టి, గాలిని రోలర్ల పొడవునా పోనివ్వండి.

బయటికొచ్చిన పాత గ్రీజు రంగు ఏం చెబుతుంది?

పాలలా తెల్లబారితే నీళ్ళు చేరాయి, సీల్ పోయిందని అర్థం. నల్లగా, కాలిన వాసనతో, పేడులా గట్టిపడితే బాగా వేడెక్కింది: బిగింపు ఎక్కువైనా కావచ్చు, బ్రేకు పట్టేస్తున్నా కావచ్చు. వేళ్ళ మధ్య నలిపి వెలుతురులో చూడండి. వెండిపొడిలా మెరిస్తే లోహం అరుగుతోంది. ఇసుకలా గరగరమంటే మట్టి. కొద్దిగా ముదురు రంగు తిరిగి మెత్తగానే ఉంటే భయం లేదు.

## చూసి తేల్చడం

మళ్ళీ వాడొచ్చో లేదో ఎలా తేల్చాలి?

కడిగి ఆరిన బేరింగును మంచి వెలుతురులో, ఒక్కో రోలరును వేలితో తిప్పుతూ చూడండి. కప్పు లోపలివైపు గోరు కొనను చుట్టూ నడిపించండి. కంటికి ఆనని గీత గోటికి దొరుకుతుంది.

పెచ్చులు లేచి, గోడ సున్నం రాలినట్టు గుంటలు పడితే లోహం అలసిపోయింది. ఆ బేరింగు పని అయిపోయినట్టే. కప్పు చుట్టూ రోలర్ల ఎడంతో సమానంగా నిలువు నొక్కులు కనిపిస్తే దెబ్బ తగిలింది: చక్రం గుంతలో గట్టిగా పడి ఉండాలి, లేదా బేరింగును సుత్తితో తప్పుగా కొట్టి ఉండాలి. నొక్కులు అదే ఎడంతో ఉండి, అంచులు పదునుగా లేక, అరిగినట్టు ఎర్రగా ఉంటే చాలాకాలం నిలిపి ఉంచినప్పుడో లారీ మీద ఎక్కించి తెచ్చినప్పుడో కంపనం వల్ల పడినవి. గడ్డిపువ్వు రంగు, ఆపైన నీలం తిరిగితే వేడికి ఉక్కు గట్టిదనం పోయింది. రోలర్ల వెడల్పు చివర, కోను అంచుకు ఆనే చోట వలయాలుగా గీతలు పడితే గ్రీజు అందలేదు లేదా బిగింపు మితిమీరింది. రోలర్ల ఆకారంలో నల్లటి మరకలుంటే నీళ్ళు నిలిచాయి. ఆ మరక గోటికి తగలకుండా నున్నగా ఉంటే వాడుకోవచ్చు, గుంట తగిలితే మార్చాలి.

కేజ్ వంగినా చిట్లినా మారు ఆలోచన వద్దు. అనుమానం మిగిలితే కొత్తదే వేయండి. రోడ్డు మీద బేరింగు బిగుసుకుంటే చక్రమే ఊడిపోవచ్చు.

కోను బాగానే ఉంది, కప్పు మీదే గుంటలు. కప్పు ఒక్కటీ మారిస్తే చాలదా?

చాలదు. గుంటలు పడిన కప్పు మీద దొర్లిన రోలర్లు కంటికి కనపడకుండా దెబ్బతిని ఉంటాయి. కోనూ కప్పూ జతగానే మార్చండి.

కప్పు కొట్టి తీయడం, కూర్చోబెట్టడం ఎలా?

హబ్ లోపల కప్పు వెనక అంచు కనిపించేలా సాధారణంగా రెండు గాళ్ళు ఉంటాయి. అవతలి వైపు నుంచి డ్రిఫ్టు పోనిచ్చి ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు కొట్టండి. ఒకే పక్క కొడితే అడ్డం తిరిగి హబ్ గోడను గీకుతుంది. బేరింగు ఉక్కు పెళుసు, పెచ్చు ఎగురుతుంది. కళ్ళద్దాలు తప్పనిసరి.

కొత్త కప్పును కొన్ని గంటలు ఫ్రీజరులో ఉంచితే కొద్దిగా కుంచించుకుపోయి తేలిగ్గా దిగుతుంది. వెడల్పు నోరు బయటివైపు ఉండాలి. డ్రైవరు పనిముట్టు లేకపోతే పాత కప్పును తిరగేసి దానిమీద పెట్టి కొట్టవచ్చు. ముందుగా దాని వెలుపలి అంచును గ్రైండరుతో కొద్దిగా అరగదీస్తే హబ్‌లో ఇరుక్కోదు. దెబ్బల శబ్దం మీద చెవి పెట్టండి: దిగుతున్నంతసేపూ బోలుగా మోగుతుంది, అడుగుకు ఆనగానే ఠంగుమని గట్టి మోత వస్తుంది. ఆ తరవాత కప్పు వెనక సందులో పల్చటి కాగితం కూడా దూరకూడదు.

కొత్త కప్పు కూడా హబ్‌లో చేత్తోనే తిరుగుతోంది. గుచ్చి బిగించవచ్చా?

హబ్ రంధ్రం అరిగిపోయింది. పంచితో గాట్లు పెట్టడం, జిగురు వేయడం కొన్నాళ్ళ ముచ్చట. కప్పు ఒరిగి మళ్ళీ తిరగడం మొదలుపెడుతుంది. హబ్ మార్చాలి.

స్పిండిల్ మీద సీల్ ఆనే చోట గాడి పడింది. ఏం చేయాలి?

వేలి గోరు ఆగేంత గాడి ఉంటే కొత్త సీల్ కూడా గ్రీజును ఆపలేదు. ఆ చోటికి తొడిగే పల్చటి ఉక్కు స్లీవు దొరికితే అది ఎక్కించండి. తుప్పు మాత్రమే అయితే సన్న ఎమరీ కాగితాన్ని అడ్డంగా, చుట్టూ తిప్పుతూ రుద్దండి. పొడవునా రుద్దితే ఆ గీతలే కాలువలవుతాయి.

## గ్రీజు కూరడం, సీల్ వేయడం

పనిముట్టు లేకుండా చేత్తో బేరింగు ఎలా నింపాలి?

చేతొడుగు వేసుకుని ఎడమ అరచేతిలో పెద్ద నిమ్మకాయంత గ్రీజు తీసుకోండి. కుడిచేత్తో బేరింగు పట్టుకుని, దాని వెడల్పు వైపు అంచును అరచేతి అంచు దగ్గర గ్రీజులోకి గుచ్చి మీవైపు లాగండి. రొట్టె ముక్కతో పచ్చడి ఎత్తినట్టు ఉంటుంది ఆ కదలిక. కేజ్‌కూ కోనుకూ మధ్య సందులోకి గ్రీజు ఎక్కాలి. అదే చోట మళ్ళీ మళ్ళీ గుచ్చండి. ఆరేడుసార్లకు ఎదుటి సన్నవైపున, రోలర్ల మధ్య నుంచి సేమ్యా పోగుల్లా గ్రీజు బయటికొస్తుంది. పోగులు రాలేదంటే లోపల గాలి ఉన్నట్టే.

పోగులు వచ్చాక ఒకటి రెండు రోలర్ల మేర తిప్పి అక్కడ మొదలుపెట్టండి. చుట్టు తిరిగి మొదటి చోటికి వచ్చేదాకా ఆపొద్దు. ఆఖరుకు రోలర్ల మీద పల్చగా పూయండి. ఒక్క బేరింగుకు రెండు మూడు నిమిషాలు పడుతుంది. పైపైన పూసి సరిపెట్టిన బేరింగు బయటికి నిండుగానే కనిపిస్తుంది. కానీ రోలరు వెడల్పు చివర కోను అంచును రాసుకునే చోట పొడిగా ఉంటుంది, మొదట కాలేది అక్కడే.

నింపిన బేరింగును బల్ల మీద నేరుగా పెట్టకండి, శుభ్రమైన కాగితం మీద పెట్టండి. గ్రీజుకు అంటిన ఒక్క ఇసుక రేణువు చాలు.

హబ్ మధ్య ఖాళీ అంతా గ్రీజుతో నింపేస్తే ఇంకా మంచిది కదా?

కాదు. రెండు కప్పుల మధ్య హబ్ గోడకు, కప్పు లోపలి అంచు ఎత్తు వరకు ఒక కట్టలా పూయండి. వేడికి మెత్తబడిన గ్రీజు బేరింగులోంచి జారిపోకుండా ఆ కట్ట ఆపుతుంది. మొత్తం ఖాళీలో మూడో వంతు నుంచి సగం దాకా నిండితే చాలు. పూర్తిగా కూరితే గ్రీజు చిలికినట్టయి వేడి పుడుతుంది, వ్యాకోచించడానికి చోటు లేక సీల్‌ను తోసుకుని బ్రేకు మీదికి వస్తుంది. స్పిండిల్ మీద పల్చటి పొర పూయండి, తుప్పు పట్టదు. డస్ట్ క్యాప్ లోపల కూడా పల్చటి పూత చాలు.

సీల్ ఏ వైపు తిప్పి వేయాలి?

సన్నటి స్ప్రింగు కనిపించే వైపు లోపలికి, గ్రీజు దిక్కుగా ఉండాలి. ముందు లోపలి బేరింగు పెట్టాలి, ఆ తరవాతే సీల్. ఈ వరుస మరిచిపోయి సీల్ కొట్టేసి మళ్ళీ పెకలించేవాళ్ళు తక్కువేం కాదు. సీల్ మీద చదునైన చెక్క ముక్క పెట్టి సమంగా, హబ్ అంచుకు మట్టంగా దిగేదాకా కొట్టండి. సీల్ పెదవికి, అంటే స్పిండిల్‌కు ఆనే మెత్తటి అంచుకు, గ్రీజు పూయండి. పొడిగా వేస్తే మొదటి కిలోమీటర్లలోనే కాలుతుంది.

పాత సీల్ బాగానే ఉంది, మళ్ళీ వేసేయనా?

వద్దు. తీసేటప్పుడే దాని రేకు వంగుతుంది, పెదవి అప్పటికే గట్టిపడి ఉంటుంది. ఈ పని మొత్తంలో తక్కువ ఖరీదైన భాగం ఇదే, ఇది ఆదా చేస్తే బేరింగూ బ్రేకూ రెండూ పోతాయి.

స్పిండిల్ చివర గ్రీజు నిపుల్ ఉంది. గన్నుతో కొడితే విప్పక్కర్లేదా?

దారి లోపలి బేరింగు వెనక్కి వెళ్ళి, రెండు బేరింగుల గుండా ముందుకొచ్చేలా చేసిన స్పిండిల్ అయితే గన్నుతో గ్రీజు మార్చవచ్చు. చక్రం లేపి, మెల్లగా తిప్పుతూ, చేతి గన్నుతో నిదానంగా కొట్టండి. ముందువైపు పాత గ్రీజు పోయి కొత్త రంగు వచ్చేదాకా కొట్టాలి. గాలి గన్ను వాడితే, చక్రం తిప్పకపోతే ఒత్తిడి వెనక సీల్‌ను లేపి గ్రీజును బ్రేకులోకి పంపుతుంది. గన్ను గ్రీజు మారుస్తుందే గాని రోలర్లను చూపించదు. అందుకే ఈ రకం హబ్‌ను కూడా ఏడాదికోసారి విప్పి చూడాలి.

## నట్టు బిగించడం

నట్టు ఎంత బిగించాలి?

ఈ పనిలో ఎక్కువ బేరింగులు చచ్చేది ఇక్కడే. మామూలు ట్రైలర్ హబ్‌కు వాడుకలో ఉన్న పద్ధతి ఇది. హబ్‌ను చేత్తో తిప్పుతూనే నట్టును దాదాపు 68 న్యూటన్ మీటర్ల దాకా బిగించండి. తిప్పడం తప్పనిసరి, రోలర్లు సరైన చోట కూర్చునేది అప్పుడే, మధ్యలో ఎక్కువైన గ్రీజు పక్కకు తప్పుకునేదీ అప్పుడే. తరవాత హబ్ తిప్పకుండా నట్టును పూర్తిగా వదులు చేయండి. ఇప్పుడు రెంచి పక్కన పెట్టి వేళ్ళతో మాత్రమే, ఆనేదాకా బిగించండి. పిన్ను వేయండి. చిన్న కార్ల హబ్‌లకు మొదటి బిగింపు దీనికంటే చాలా తక్కువ, మాన్యువల్ చూడకుండా ఈ అంకె వాడకండి.

డయల్ గేజి ఉంటే హబ్‌ను ముందుకూ వెనక్కూ లాగి చూడండి. 0.025 నుంచి 0.13 మిల్లీమీటర్ల ఆట ఉండాలి. గేజి లేకపోతే ఇలా చూడండి: హబ్ ఎక్కడా పట్టకుండా తిరగాలి, నట్టు వెనక వాషరును స్క్రూడ్రైవరు కొనతో పక్కకు నెడితే కదలాలి.

ఆట అసలు లేకుండా గట్టిగా బిగిస్తే చక్రం నిలకడగా ఉంటుంది కదా?

బండి పరుగెత్తాక హబ్, బేరింగు వేడెక్కి వ్యాకోచిస్తాయి. చల్లగా ఉన్నప్పుడే ఖాళీ లేకపోతే వేడిలో రోలర్లు నలుగుతాయి. రోలరు చివర కోను అంచుకు రాసుకుని వేడి పెరుగుతుంది, గ్రీజు పల్చబడి జారిపోతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. కొద్దిగా వదులైన బేరింగు శబ్దం చేసి చెబుతుంది. బిగుసుకున్నది చెప్పాపెట్టకుండా కొద్ది కిలోమీటర్లలోనే మాడిపోతుంది. ముందే ఒత్తిడితో బిగించమని తయారీదారు చెప్పిన హబ్‌లు ఉన్నాయి, వాటికి ఆ లెక్కే పాటించాలి.

పిన్ను రంధ్రం గాడికి కలవడం లేదు. బిగించి కలపాలా, వదిలి కలపాలా?

వదిలి, దగ్గరి గాడికే కలపండి. లెక్క చూడండి: మర పిచ్ 1.5 మిల్లీమీటర్లు అయితే నట్టు ఆరో వంతు తిరిగితే 0.25 మిల్లీమీటర్లు కదులుతుంది. ఒక గాడి నిండా వెనక్కి తిప్పినా ఆట హద్దు దాటుతుంది. అందుకే కొన్ని స్పిండిల్‌లకు రెండు రంధ్రాలు ఉంటాయి. అప్పుడు పన్నెండో వంతుకే, అంటే 0.125 మిల్లీమీటర్లకే గాడి దొరుకుతుంది. హద్దుకు మించి వదలాల్సి వస్తే నట్టును కాస్త మందమైన వాషరుతో సర్దండి.

పాత స్ప్లిట్ పిన్ను వంచి వాడొచ్చా?

వద్దు. ఒకసారి వంగి నిటారైన తీగ రెండోసారి అక్కడే విరుగుతుంది. రంధ్రానికి సరిపోయే మందం పిన్ను వేసి, ఒక కాలు స్పిండిల్ చివర మీదికి, రెండోది కిందికి వంచి మిగిలినది కత్తిరించండి. కాళ్ళు డస్ట్ క్యాప్‌కు తగలకూడదు.

వీల్ నట్లు?

నక్షత్రం వరుసలో, రెండు మూడు విడతల్లో, టార్క్ రెంచితో. 50 నుంచి 80 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ చూడండి.

## రోడ్డెక్కాక

పని అయ్యాక హబ్ వేడెక్కుతోంది. ఎంతవరకు మామూలు?

15, 20 కిలోమీటర్లు నడిపి, చివర్లో బ్రేకు తక్కువ వాడి ఆపండి. హబ్ గోరువెచ్చగా ఉండొచ్చు. దాదాపు 60 డిగ్రీలు దాటితే చెయ్యి ఆన్చి ఉంచలేరు. ముందు చెయ్యి దూరంగా పెట్టి వేడి చూసుకున్నాకే తాకండి. అంకె కంటే పోలిక ముఖ్యం: ఒకే ఇరుసు మీద ఎడమ హబ్, కుడి హబ్ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి మాత్రమే కాలుతుంటే చక్రం లేపి తిప్పండి. గట్టిగా తిరిగితే బ్రేకు పట్టేస్తోందో బిగింపు ఎక్కువైందో చూడాలి. బ్రేకు పూర్తిగా వదిలాక తేలిగ్గా తిరిగితే తప్పు బ్రేకుది.

గ్రీజు బ్రేకు లైనింగు మీదికి కారింది. తుడిస్తే సరిపోతుందా?

లైనింగు గ్రీజును పీల్చుకుంటుంది. పైన తుడిచినా వేడెక్కినప్పుడు బయటికొచ్చి ఆ చక్రం బ్రేకు పట్టదు, బండి ఒక పక్కకు లాగుతుంది. ఇరుసు రెండు వైపులా లైనింగులు మార్చి, డ్రమ్ము కడిగి, సీల్ ఎందుకు కారిందో కనుక్కోండి.

కొత్త బేరింగు నెలకే పోయింది. ఎందుకు?

కప్పు అడుగుదాకా దిగకపోవడం మొదటి అనుమానం. నడిచేకొద్దీ అది దిగి, ఆట పెరిగిపోతుంది. తరవాత అతి బిగింపు, పని బల్ల మీది మట్టి, పాత కప్పులో కొత్త కోను వేయడం. చాలామంది గమనించని కారణం ఇంకొకటి ఉంది: బండి మీద వెల్డింగు చేసేటప్పుడు ఎర్త్ క్లాంపు దూరంగా పెడితే కరెంటు బేరింగు గుండా పోయి, రోలరు ఆనే చోటల్లా సూదిమొనంత కాలిన గుంటలు పడతాయి. క్లాంపును వెల్డు పడే చోటి పక్కనే పెట్టించండి.

బండి నెలల తరబడి కదలదు. ఏం చేయాలి?

నిలిపే ముందు గ్రీజు కొత్తది పెట్టండి, తరవాత కాదు. నీరు కలిసిన పాత గ్రీజుతో నిలిస్తే రోలరు ఆనిన గీత వెంబడి తుప్పు తింటుంది. నెలకోసారి చక్రాలు కొన్ని చుట్లు తిప్పితే నూనె పొర మళ్ళీ పరుచుకుంటుంది.

## సీల్ బేరింగులు

సీల్ బేరింగుకు సూదితో గ్రీజు ఎక్కిస్తే శబ్దం పోతుందా?

కొన్ని రోజులు తగ్గొచ్చు. శబ్దం మొదలైందంటే దొర్లే దారి అప్పటికే పాడైంది, గ్రీజు దాన్ని నునుపు చేయలేదు. కార్ల హబ్ యూనిట్లు మార్చడానికే చేసినవి. శబ్దం లేని బైకు బేరింగు మూత సన్న మొనతో జాగ్రత్తగా లేపి, కడిగి, ఖాళీలో మూడో వంతు గ్రీజు పెట్టి మూయొచ్చు. మూత వంగితే మాత్రం ఆ పని దండగ.

బైకు చక్రంలో కొత్త బేరింగులు వేశాక చక్రం గట్టిగా తిరుగుతోంది. ఎందుకు?

రెండు బేరింగుల మధ్య ఒక గొట్టం ఉంటుంది. ఇరుసు బిగించినప్పుడు ఒత్తిడి లోపలి రింగుల నుంచి ఆ గొట్టం గుండా పోవాలి. అది పడిపోయినా, ఒక బేరింగు గొట్టాన్ని దాటి లోతుగా దిగినా లోపలి రింగులు పక్కకు నెట్టుకుని గుండ్లు బిగుసుకుంటాయి. బేరింగు దించేటప్పుడు బయటి రింగు మీదే కొట్టాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల గుండా పోయి దారిలో నొక్కులు పడతాయి, కొత్త బేరింగు మొదటిరోజే గరగరమంటుంది.

కారులో ప్రెస్ చేసే బేరింగు. ఏబీఎస్ ఉంది. ఏం చూసుకోవాలి?

చాలా బేరింగుల ఒక వైపు మూతలోనే అయస్కాంత పట్టీ ఉంటుంది. అది సెన్సారు వైపు ఉండాలి, తిరగేసి నొక్కితే ఏబీఎస్ దీపం వెలుగుతుంది. ఆ వైపును అయస్కాంతపు పళ్ళెంలో పెట్టకండి, సుత్తి తగలనీయకండి. బేరింగు కూర్చునే నకల్ అనే భాగంలోకి నొక్కేటప్పుడు బయటి రింగు మీద, హబ్‌ను బేరింగులోకి నొక్కేటప్పుడు లోపలి రింగుకు కింద ఆధారం పెట్టి నొక్కాలి.

యాక్సిల్ నట్టు కొత్తది వేసి, చక్రం మీద బండి బరువు పడకముందే టార్క్ రెంచితో చెప్పిన కొలతకు బిగించండి. నట్టు వదులుగా ఉండగా బండి దించి ముందుకూ వెనక్కూ కదిపితే రెండు భాగాల లోపలి రింగులు విడిపోయి, గుండ్లు అంచుల మీద ఆనుతాయి. ఇంపాక్ట్ గన్నుతో చివరి బిగింపు చేయకండి, అది ఎంత బిగించిందో చెప్పదు.